కొత్త పెయింట్ మీద ఆవగింజల్లా బుడగలు: హెరాల్డ్ బానెట్, సాయం కావాలి

హెరాల్డ్_పెరంబూర్ | ఆగస్టు 20, రాత్రి 9:40

అందరికీ నమస్కారం. ఏడాదిగా ఈ పాత కార్ల ఫోరంలో చదువుకోవడమే తప్ప ఎప్పుడూ రాయలేదు. ఇప్పుడు దిక్కుతోచక రాస్తున్నాను.

బండి మా నాన్నగారిది. 1967 స్టాండర్డ్ హెరాల్డ్ కారు, రెండు తలుపులది. మన మద్రాసులోనే, పెరుంగళత్తూరు ఫ్యాక్టరీలో తయారైంది. ఆయన పోయాక తొమ్మిదేళ్లు కవరు కిందే ఉండిపోయింది. రెండేళ్లుగా ఆదివారాలు నేనే పని చేసుకుంటున్నాను. హెరాల్డ్ బానెట్ రెండు ఫెండర్లతో కలిసి ఒకే ముక్కగా ముందుకు తెరుచుకుంటుంది కదా, బోల్టులు విప్పి నలుగురం పట్టుకుని డాబా మీదికి చేర్చాం.

పాత పెయింట్ చాలావరకు గీకేశాను. సొట్టలు టింకరింగ్ ఆయన తీసిపెట్టాడు. రేకు మీద పుట్టీ పెట్టి వాటర్ పేపర్‌తో తడుపుతూ రుద్దాను, సర్ఫేసర్ (కలర్ కింద వేసే పూత) కొట్టి మళ్లీ తడిపి రుద్దాను. జూన్ రెండో వారంలో 2కే (హార్డెనర్ కలిపి కొట్టే పెయింట్) లేత నీలం మూడు కోట్లు కొట్టాను. అద్దంలా వచ్చింది. అమ్మ మెట్లెక్కి వచ్చి, దాని మీద చెయ్యి వేసి కాసేపు అలాగే నిలబడింది.

జూలై చివర్లో రెండు రోజులు వాన పడింది. కవరు తీసి చూస్తే బానెట్ పైభాగమంతా బుడగలు. ఆవగింజంత, కొన్ని ఇంకా చిన్నవి. పుట్టీ పెట్టిన చోట గుంపులు గుంపులుగా ఉన్నాయి. వేలితో తడిమితే ఇసుక చల్లినట్టు తగులుతోంది. మధ్యాహ్నం ఎండకు కొన్ని అణిగిపోతాయి, తెల్లారేసరికి మళ్లీ లేస్తాయి. మీద ఇంకో కోటు కొట్టేస్తే సరిపోతుందా?

అంబీ_మార్క్3 | ఆగస్టు 20, రాత్రి 10:05

థిన్నర్ సంగతి చూడండి సార్. లూజుగా అమ్మే థిన్నర్ వాడితే ఇలాగే అవుతుంది. నా అంబాసిడర్ డిక్కీకి ఒకసారి అయింది. మంచి థిన్నర్‌తో మీద ఒక కోటు కొట్టేయండి, కప్పేస్తుంది.

పద్మిని_జయనగర్ | ఆగస్టు 20, రాత్రి 10:31

బెంగళూరు నుంచి. జూన్‌లో మద్రాసు ఎండకు కోటు మీద కోటు వెంటవెంటనే కొట్టి ఉంటారు. పైపొర తొందరగా గట్టిపడి, లోపల చిక్కిన థిన్నర్ ఆవిరై బయటికి పొడుచుకొస్తుంది. నా పద్మిని తలుపు మీద అలాంటి సూదిబెజ్జాలు చూశాను.

రసాయనం | ఆగస్టు 21, ఉదయం 6:50

నమస్కారం. నేను పెయింట్ ల్యాబ్‌లో పాతికేళ్లు పనిచేసి రిటైరయ్యాను. దయచేసి ఇప్పుడే మీద కోటు కొట్టకండి.

పద్మిని గారు చెప్పినది నిజంగా ఉన్న సమస్యే. కానీ థిన్నర్ పొడుచుకొచ్చేది కొట్టిన రోజే, మహా అయితే ఆరే లోపల. దానికి తల పగిలి సన్నని గుంట కనబడుతుంది. ఇక్కడ ఆరు వారాలు బాగుండి, వాన తర్వాత లేచాయి. పైగా ఎండకు అణిగి తెల్లారికి లేస్తున్నాయంటే లోపల ఉన్నది గాలి కాదు, తేమ. థిన్నర్ అయితే ఒకసారి పోయాక మళ్లీ రాదు.

తేమ అంటే రెండు దారులు. రేకు తుప్పు పట్టి పెయింట్‌ను లేపుతూ ఉండవచ్చు, లేదా పొరల మధ్య నీళ్లు చేరుతూ ఉండవచ్చు. తేల్చుకోవడం తేలిక. తెల్లవారుజామున, బుడగలు బాగా లేచి ఉన్నప్పుడు, నాలుగైదు చోట్ల సన్నని సూదితో గుచ్చండి. భూతద్దం పెట్టి చూడండి: ఏం కారింది, ఏ రంగులో ఉంది, పొర ఊడితే దాని కింద ఏముంది, రేకా, ప్రైమరా, పుట్టీయా. ఆ జవాబు వచ్చేదాకా మనం చెప్పేవన్నీ ఊహలే.

హెరాల్డ్_పెరంబూర్ | ఆగస్టు 22, ఉదయం 7:15

ఐదున్నరకు లేచి గుచ్చాను గురువుగారూ. పైభాగంలో ఎనిమిది చోట్ల చూశాను. గుచ్చగానే సూది మొన మీద నీటిబొట్టు, కన్నీటి చుక్కంత కూడా లేదు, కానీ స్పష్టంగా ఉంది. రంగు లేదు. గోటితో లాగితే నీలం, సర్ఫేసర్ రెండూ కలిసి పెచ్చుగా వచ్చేశాయి. కింద పుట్టీ శుభ్రంగా, తడిగా కనబడింది. తుప్పు లేదు.

కానీ ఎడమ చక్రం పైన, రేకు లోపలికి మడిచిన అంచు దగ్గర గుచ్చితే గోధుమరంగు నీళ్లు వచ్చాయి.

రసాయనం | ఆగస్టు 22, ఉదయం 8:02

చాలా బాగా చూశారు. అయితే మీ దగ్గర రెండు వేర్వేరు జబ్బులున్నాయి. అంచుది తుప్పు, దాన్ని పక్కన పెడదాం. పైభాగానిది వేరే కథ. ఒక్క ప్రశ్న: తడిపి రుద్దడానికి ఏ నీళ్లు వాడారు?

హెరాల్డ్_పెరంబూర్ | ఆగస్టు 22, ఉదయం 8:10

డాబా మీది కుళాయి. బోరు నీళ్లు. ఎందుకండీ?

రసాయనం | ఆగస్టు 22, ఉదయం 8:25

ఒక పని చేయండి. పాత అద్దం ముక్క తీసుకుని, దాని మీద ఒక బొట్టు బోరు నీళ్లు, ఒక బొట్టు మెట్రో వాటర్ (నగర కుళాయి నీళ్లు), ఒక బొట్టు తాగే కేన్ నీళ్లు, ఒక బొట్టు ఏసీ పైపు నుంచి కారే నీళ్లు వేసి ఎండలో పెట్టండి. తుడవకండి. ఆరాక చూసి రాయండి.

హెరాల్డ్_పెరంబూర్ | ఆగస్టు 22, మధ్యాహ్నం 2:40

నాకు మాట రావడం లేదు.

బోరు బొట్టు ఆరినచోట తెల్లగా, సున్నంతో చుక్క పెట్టినట్టు గుండ్రటి మచ్చ. అంచు మందంగా, మధ్యలో పలుచగా ఉంది. గోరు తగిలిస్తే గరుకుగా ఉంది, గీకితే పొడి రాలింది. మెట్రో వాటర్‌ది సన్నని గీత. కేన్ నీళ్లది వెతికితే కనిపించింది. ఏసీ నీళ్లు ఎక్కడ వేశానో గుర్తుపట్టలేకపోయాను.

ఆర్‌ఓ మెషీన్ సర్వీసుకు వచ్చే అబ్బాయిని పిలిచి, నీళ్లలో కరిగిన లవణాలు కొలిచే మీటరు పెట్టించాను కూడా. బోరు 1,640. కేన్ 60. ఏసీ నీళ్లు 15.

రసాయనం | ఆగస్టు 22, సాయంత్రం 5:30

తాగే నీళ్లలో కరిగిన లవణాలకు బీఐఎస్ (భారత ప్రమాణాల సంస్థ) పెట్టిన మేలైన హద్దు లీటరుకు 500 మిల్లీగ్రాములు. మీది 1,640. అంటే 15 లీటర్ల బకెట్‌లో దాదాపు 25 గ్రాముల లవణాలు. మీరు ఎన్ని బకెట్లు పోశారో లెక్క వేసుకోండి. అంతా బానెట్ మీదే ఉండిపోలేదు, చాలావరకు కారిపోయింది. కానీ పుట్టీ వేరు. అది స్పాంజి లాంటిది, నీళ్లు పీలుస్తుంది. పైకి ఆరినట్టు కనబడినా లోపల తడి ఉంటుంది, ఆ తడి పోయినా ఉప్పు పోదు.

ఇప్పుడు ఈ పోలిక చూడండి. మాగాయకు మామిడి ముక్కల్లో ఉప్పు కలిపి మూత పెడితే, మర్నాటికి ఊట ఊరుతుంది. ఉప్పు నీటిని లాగుతుంది కాబట్టి. ఏ పెయింట్ పొరైనా, ఎంత ఖరీదైనదైనా, గాజు పలక కాదు. నీటి ఆవిరి దానిలోంచి మెల్లగా దూరుతుంది. కింద ఉప్పు రేణువు ఉంటే ఆ తేమ దాని చుట్టూ చేరి నీరవుతుంది, ఆ నీటిని పలుచన చేసుకోవడానికి ఇంకా లాగుతుంది. ఆ ఒత్తిడికి పొర లేస్తుంది. మీ సూది మొన మీద బొట్టు అదే.

కవరు కూడా దోహదం చేసింది. గాలి ఆడని ప్లాస్టిక్ కవరు కింద వాన తర్వాత రోజుల తరబడి ఆవిరి పడుతుంది.

అందుకే మీద కోటు కొట్టవద్దన్నాను. ఉప్పు కిందే ఉంటుంది. ఆరు వారాలకో మూడు నెలలకో మళ్లీ లేస్తుంది.

అంబీ_మార్క్3 | ఆగస్టు 22, రాత్రి 8:15

ఒప్పుకుంటాను సార్, నేను తొందరపడి చెప్పాను. కానీ ఒక సందేహం. మా ఏరియాలో షెడ్లన్నీ బోరు నీళ్లే పోస్తాయి. వాళ్లందరికీ ఎందుకు బుడగలు రావు?

పాత_షెడ్డు | ఆగస్టు 23, ఉదయం 5:20

తమ్ముడూ, నేను చెబుతాను. రాయపురంలో నలభై ఏళ్లు షెడ్డు నడిపాను.

వస్తాయి. బండి డెలివరీ అయ్యాక వస్తాయి, ఓనర్ బండిని దోషం అనుకుంటాడు. కొందరికి రాకపోవడానికీ కారణం ఉంది. మా గురువు ఎన్‌సి పెయింట్ (హార్డెనర్ లేకుండా, థిన్నర్ ఆరితే గట్టిపడే పాత రకం) రోజుల్లో మాకు నేర్పిన క్రమం వేరు. పుట్టీని తడపనిచ్చేవాడు కాదు, పొడిగానే దిమ్మె పెట్టి రుద్దాలి. తడి అంటే ప్రైమర్ సీలు పడ్డాకే. తడి పని అయ్యాక బావి నీళ్లు రెండు బిందెలు పైనుంచి ధారగా పోయించి, గుడ్డతో పిండి తుడిపించి, ఒక పగలంతా ఎండలో వదిలేవాడు. సాయంత్రం అరచెయ్యి వెనక్కి తిప్పి, వేళ్ల కణుపుల దగ్గర చర్మంతో రేకు మీద తడిమేవాడు. అరచేతికి తెలియని చల్లదనం అక్కడ తెలుస్తుంది. చల్లగా తగిలితే ఇంకా తడి ఉన్నట్టే, మర్నాటికి వాయిదా.

ఇప్పుడు అంత ఓపిక ఎవరికుంది? పొద్దున పుట్టీ, సాయంత్రానికి కలర్.

నువ్వు బాధపడకు. పైకి అద్దంలా వచ్చిందంటే నీ చెయ్యి మంచిది. తప్పు కిందది.

హెరాల్డ్_పెరంబూర్ | ఆగస్టు 23, ఉదయం 6:45

అన్నా, ఈ మాటతో రాత్రంతా ఉన్న టెన్షన్ సగం తగ్గింది. రేకు దాకా మొత్తం తీసేస్తాను. ఇక నుంచి అంతా పొడిగానే రుద్దుతాను.

బీటిల్_అక్క | ఆగస్టు 23, ఉదయం 9:12

ఆగండి తమ్ముడూ. ఈ మాట చెప్పకపోతే నాకు నిద్ర పట్టదు.

పొడిగా రుద్దడం కొత్త పుట్టీకి సరే. కానీ 1967 బండి అంటున్నారు. గీకింది చాలావరకే అన్నారు, మిగిలిన పాత పొరల్లో సీసం ఉండే అవకాశం ఎక్కువ. దాన్ని పొడిగా మెషీన్‌తో రుద్దితే ఆ దుమ్ము మీ ఊపిరితిత్తుల్లోకీ, డాబా మీద ఆరేసిన పిల్లల బట్టల్లోకీ వెళ్తుంది. పాత పొర రిమూవర్ పూసి మెత్తబడ్డాక గీకండి, పెచ్చులు సంచిలో కట్టి పెట్టండి. పొడి పని ఆ తర్వాత.

ఇంకొకటి. మీరు 2కే కొట్టారన్నారు, మాస్క్ సంగతి ఒక్క ముక్క రాయలేదు. దాని హార్డెనర్‌లో ఐసోసైనేట్ ఉంటుంది. దానికి వాసన సరిగా తెలియదు, కాబట్టి ముక్కుకు తెలిసేలోపే లోపలికి వెళ్లిపోతుంది. గుడ్డ మాస్క్, కరోనా నాటి ఎన్95 దాన్ని ఆపవు. బయటి నుంచి శుభ్రమైన గాలి గొట్టంతో వచ్చే మాస్క్ కావాలి. నేను ఎనిమిదేళ్ల కింద నా బీటిల్ ఫెండర్లు ఇంట్లో, మామూలు మాస్క్‌తో కొట్టాను. మూడో ఫెండర్ రోజు రాత్రి ఆయాసం మొదలైంది. ఇప్పటికీ పెయింట్ షాపు ముందు నుంచి నడిస్తే ఛాతీ బిగుసుకుంటుంది. ఒకసారి ఒంటికి పడకపోతే ఆ తర్వాత కొంచెం తగిలినా అంతే, అది ఇక తిరిగి పోదని డాక్టరు చెప్పారు.

పాత_షెడ్డు | ఆగస్టు 23, ఉదయం 9:50

అమ్మా, మీరు చెప్పింది అక్షరాలా నిజం. మా షెడ్డులో ఇద్దరు కుర్రాళ్లు ఆ దగ్గుతోనే పని మానేశారు. అప్పట్లో మాకు ఎవరూ చెప్పలేదు.

రసాయనం | ఆగస్టు 23, ఉదయం 11:30

అక్కగారి మాటే నా మాట కూడా. నా సలహా ఇది. గీకడం, తుప్పు తీయడం, ఎపాక్సీ ప్రైమర్ (రేకును తేమ నుంచి కాపాడే అడుగు పూత), పుట్టీ, రుద్దడం ఇంట్లో చేసుకోండి. ఎపాక్సీకి కూడా ఆర్గానిక్ వేపర్ క్యాట్రిడ్జ్ ఉన్న మాస్క్, చేతికి నైట్రైల్ గ్లోవ్స్ తప్పనిసరి. 2కే సర్ఫేసర్, కలర్ మాత్రం బూత్ (పెయింట్ కొట్టే ప్రత్యేక గది), గాలి మాస్క్ ఉన్న చోట కొట్టించండి. ఇంటి పని విలువ దానివల్ల తగ్గదు. పైకి కనిపించే నున్నదనమంతా కింద రుద్దిన చేతిదే.

వరస: రేకు తెల్లబడ్డాక పి80 నుంచి పి180 మధ్య (రుద్దే కాగితం నంబర్లు) గీతలు ఉంచండి, మరీ నున్నగా చేస్తే ప్రైమర్ పట్టుకోదు. మన ఊళ్లో ఉట్టి రేకును ఒక్క రాత్రి వదిలినా సముద్రపు గాలికి ఎర్రటి పొడి లేస్తుంది, కాబట్టి ఆ రోజే ఎపాక్సీ వేయాలి. తుప్పు కన్వర్టర్ వాడితే దాని యాసిడ్ పూర్తిగా పోయేలా కడిగి ఆరబెట్టాకే. పుట్టీ ఆ ఎపాక్సీ మీద పెట్టండి, రేకు మీద వద్దు. అప్పుడు పుట్టీ ఏ కొంచెం తేమ పీల్చినా రేకుదాకా పోదు. పుట్టీ హార్డెనర్ నూటికి రెండు పాళ్లు మించనివ్వకండి. తొందరగా గట్టిపడాలని ఎక్కువ కలిపితే తర్వాత కలర్‌లో మచ్చలు తేలతాయి.

సమయం కూడా ముఖ్యమే. గాలి 30 డిగ్రీలు, తేమ 75 శాతం ఉంటే దాదాపు 25 డిగ్రీల దగ్గర మంచు పడుతుంది. రేకు ఆ హద్దు కంటే కనీసం 3 డిగ్రీలు వెచ్చగా ఉండాలి. రాత్రి డాబా మీద ఉన్న రేకు ఆకాశానికి చల్లబడి గాలి కంటే చల్లగా ఉంటుంది, పొద్దున్నే కంటికి కనిపించని చెమ్మ ఉంటుంది. తొమ్మిదిన్నర, పది దాకా ఆగండి. మధ్యాహ్నం సముద్రపు గాలి తిరిగేలోపు ముగించండి.

పద్మిని_జయనగర్ | ఆగస్టు 23, మధ్యాహ్నం 1:05

ఇప్పుడు నాకు ఒకటి అర్థమైంది. నేను కావేరీ నీళ్లతో రుద్దాను, నా బండి బాగుంది. వైట్‌ఫీల్డ్‌లో మా ఫ్రెండ్ బోరు నీళ్లతో అదే పుట్టీ, అదే పెయింట్ వాడాడు, ఏడాదికే బుడగలు. మేమిద్దరం ఇన్నాళ్లూ పెయింట్ బ్యాచ్ తేడా అనుకున్నాం. ఈ లింకు అతనికి పంపుతున్నాను.

హెరాల్డ్_పెరంబూర్ | ఫిబ్రవరి 15, రాత్రి 8:30

ఈశాన్య రుతుపవనాలు పోయేదాకా ఆగి, సంక్రాంతి తర్వాత మొదలుపెట్టాను. రిమూవర్‌తో పాతది మొత్తం ఊడ్చేశాను. ఎడమ అంచు మడత విప్పి చూస్తే లోపల రేకు జల్లెడ. టింకరింగ్ ఆయన కొత్త రేకు ముక్క వెల్డ్ చేసిపెట్టాడు. ఎపాక్సీ, పుట్టీ అయ్యాయి, అంతా పొడిగానే రుద్దాను.

ఈ రోజు పుట్టీ మీద రెండో ఎపాక్సీ కోటు కొట్టగానే కుడి ఫెండర్ మీద చిన్న చిన్న గుంటలు తెరుచుకున్నాయి. ప్రైమర్ అక్కడి నుంచి పారిపోయినట్టు చుట్టూ జరిగి, మధ్యలో కిందిది కనబడుతోంది. కుడివైపు మాత్రమే.

పాత_షెడ్డు | ఫిబ్రవరి 15, రాత్రి 8:41

చేపకళ్లు. ఆపెయ్. మీద కొట్టకు.

రసాయనం | ఫిబ్రవరి 15, రాత్రి 9:00

అది జిడ్డు, చాలావరకు సిలికాన్. కంప్రెసర్ నుంచి నూనె వస్తే రెండు వైపులా రావాలి. కుడివైపే అంటే ఆ వైపు ఏదో తగిలింది. తల మీద చెయ్యి పెట్టుకుని అదే చేత్తో తడిమినా కొబ్బరినూనె చాలు. ఈ మధ్య ఆ పక్కన ఏం జరిగిందో గుర్తు తెచ్చుకోండి.

హెరాల్డ్_పెరంబూర్ | ఫిబ్రవరి 16, ఉదయం 7:00

దొరికింది. శుక్రవారం మా అబ్బాయి తన బైక్ సీటుకూ టైర్లకూ మెరుపు స్ప్రే కొట్టాడు, మెట్ల తలుపు దగ్గర. గాలి కుడి ఫెండర్ వైపే. డబ్బా మీద చూస్తే సిలికాన్ అనే రాసి ఉంది.

రసాయనం | ఫిబ్రవరి 16, ఉదయం 7:40

పూర్తిగా ఆరనివ్వండి. తర్వాత రుద్దే ముందే డీగ్రీజర్‌తో తుడవండి, లేకపోతే రుద్దేటప్పుడు ఆ జిడ్డు గీతల్లోకి దిగిపోతుంది. రెండు గుడ్డలు కావాలి: ఒకదానితో తడి, అది ఆరేలోపే రెండోదానితో పొడి. ఒకే గుడ్డ తిప్పుతూ ఉంటే జిడ్డును అటూ ఇటూ పూసినట్టే. పెట్రోల్, కిరోసిన్ వద్దే వద్దు, అవే జిడ్డు వదులుతాయి. తర్వాత రుద్ది, మళ్లీ రెండు గుడ్డలు, మళ్లీ కోటు.

అంబీ_మార్క్3 | ఫిబ్రవరి 16, ఉదయం 8:20

మధ్యలో చిన్న ప్రశ్న. నా డాష్‌బోర్డ్‌కు ఎన్‌సి నలుపు కొడితే పాలు ఒలికినట్టు తెల్లబడింది. ఇది కూడా జిడ్డేనా?

పాత_షెడ్డు | ఫిబ్రవరి 16, ఉదయం 8:33

కాదు తమ్ముడూ, తేమ. వేగంగా ఆరే థిన్నర్ రేకును చల్లబరుస్తుంది, గాలిలోని చెమ్మ పెయింట్‌లో దిగుతుంది. రిటార్డర్ (ఆరడాన్ని నెమ్మది చేసేది) కలిపిన థిన్నర్‌తో పలుచని పొగ కోటు వెయ్, తెలుపు పోతుంది. వాన రోజున ఎన్‌సి ముట్టుకోకు.

హెరాల్డ్_పెరంబూర్ | మార్చి 9, రాత్రి 10:15

అక్క, రసాయనం గారు చెప్పినట్టే సర్ఫేసర్, కలర్ అంబత్తూరులో బూత్ ఉన్న షెడ్డులో కొట్టించాను. పెయింటర్ గాలి మాస్క్ పెట్టుకున్నాకే గన్ పట్టుకున్నాడు. సర్ఫేసర్‌ను మాత్రం నేనే పి600తో రుద్దాను, అక్కడ కొంచెం తడి తప్పలేదు. నెల రోజులుగా పట్టి పెట్టిన ఏసీ నీళ్లు రెండు కేన్లు తీసుకెళ్లాను. అక్కడి కుర్రాళ్లు వింతగా చూశారు. అద్దం మీద రెండు బొట్లు వేసి ఎండలో చూపించాను. ఆ తర్వాత ఒకతను తన కుళాయి నీళ్లు కూడా వేసి చూసుకున్నాడు.

బీటిల్_అక్క | మార్చి 9, రాత్రి 10:40

మాస్క్ సంగతి చదివి నా కడుపు నిండింది తమ్ముడూ.

హెరాల్డ్_పెరంబూర్ | డిసెంబర్ 28, సాయంత్రం 6:20

అక్టోబర్ నుంచి కురిసిన వానలన్నీ బానెట్ చూసింది. కవరు మార్చాను, గాలి ఆడే గుడ్డ కవరు. ఈ రోజు చీకటి పడ్డాక టార్చ్ లైటు పక్కవాటుగా వేసి బానెట్ మొత్తం చూశాను, తర్వాత కళ్లు మూసుకుని చేత్తో తడిమాను. పైభాగంలో ఒక్కటి లేదు. కుడి ఫెండర్ శుభ్రం. అమ్మ ఈసారి కుర్చీ తెప్పించుకుని కూర్చుంది.

ఎడమ అంచు మడత దగ్గర, కొత్త రేకు పాత రేకుకు కలిసిన చోట, రెండు బుడగలు. గుచ్చాను. గోధుమరంగు.

రసాయనం | డిసెంబర్ 28, రాత్రి 7:05

అది వెల్డింగ్ వెనక నుంచి వస్తున్న తుప్పు. లోపలివైపు ప్రైమర్ అందని చోటు. అంతమేరకే విప్పి, లోపలికి కూడా ఎపాక్సీ పట్టించాలి. పని అంతా ముగిసి కలర్ గట్టిపడ్డాక మడతలోకి క్యావిటీ వ్యాక్స్ ఎక్కించండి. ముందు మాత్రం వద్దు, ఆ మైనం బయటికి చెమ్మగిల్లితే మళ్లీ చేపకళ్లు.

పాత_షెడ్డు | డిసెంబర్ 28, రాత్రి 7:30

ఆ మూల సన్నగా విప్పడానికి చెయ్యి అలవాటు ఉండాలి. ఆదివారం పొద్దున రాయపురం నుంచి వస్తాను, నా పాత ఉలి తెచ్చుకుంటాను. పది గంటలకు ఎండ తగిలేలా బండిని బయట పెట్టి ఉంచు.